పళ్లగాట్ల షిల్లింగు

నాణేన్ని తోమి తెచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మూడొందల ఏళ్ల వెండి మీద పట్టిన నలుపు దాని వయసుకి సాక్ష్యం. ఆ నలుపుని వంటసోడాతోనో పళ్లపొడితోనో రుద్ది రుద్ది తెల్లగా చేసి తెచ్చి, "ఇప్పుడు చూడండి ఎలా ఉందో" అంటారు. ఎలా ఉంటుంది, తోలు ఒలిచిన చేపలా ఉంటుంది. ఇంకొకడు చిల్లు పూడ్చి తెస్తాడు. మరొకడు వంకర సరిచేసి తెస్తాడు. రోగి చర్మం గీకేసి, "డాక్టరు గారూ, దద్దుర్లు పోయాయి" అన్నట్టు ఉంటుంది వాళ్ల వ్యవహారం.

మా నాన్న ఈ కొట్టు నాకు అప్పజెప్పినప్పుడు ఒకటే మాట చెప్పాడు. "పెర్సిస్, నాణెం చెడితే చెడినట్టే చెప్పు, బాగుంటే బాగున్నట్టే చెప్పు. ఒక్కసారి అబద్ధమాడావంటే, ఆ తరవాత నువ్వు చెప్పే నిజాలకి కూడా ధర పడిపోతుంది." ఆ మాట పట్టుకునే బతికాను. హేల్స్ కోవ్ రేవులో, తాళ్ల కొట్టుకీ చేపల వేలం పాకకీ మధ్య, నీళ్లలో దిగ్గొట్టిన దుంగల మీద నిలబడ్డ ఇరుకు గది నా కొట్టు. ఆ గదికి బాస్టన్ నుంచి పెద్ద పెద్దవాళ్లు రైలెక్కి వచ్చేవాళ్లు. పెర్సిస్ వాడ్లీ అసలుదంటే అసలుది, నకిలీదంటే నకిలీది. ఆ పేరు మీద నాకు గర్వం ఉండేది. ఉండేదని ఎందుకంటున్నానో చెబుతాను.

ఓ అక్టోబరు సాయంత్రం ఆరిన్ టార్‌బాక్స్ వచ్చాడు. లాబ్‌స్టర్ల బుట్టలు వేసి బతికే మనిషి, పెళ్లి చేసుకోలేదు, చెల్లెలు థర్జాతో కలిసి రేవు చివర ఇంట్లో ఉండేవాడు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"పెర్సిస్, రేపు మా థర్జా నీ దగ్గరికొస్తుంది. ఓ వంకర షిల్లింగు తెస్తుంది. నకిలీదని చెప్పు."

"చూడకుండానే?"

"చూసినట్టు చేసి చెప్పు."

"నీ పడవకి చిల్లుందని నేను చూడకుండా అంటే ఒప్పుకుంటావా?"

"నా పడవకి నిజంగానే చిల్లుంది. ఒప్పుకుంటా," అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ అతను నవ్వలేదు.

ఆ షిల్లింగు కథ ఊళ్లో అందరికీ సగం సగం తెలుసు. ఆ సాయంత్రం ఆరిన్ మిగతా సగం చెప్పాడు. థర్జాకి ఆరేళ్లప్పుడు రేవులో నీళ్లు గడ్డకట్టాయి. పిల్లలందరూ దాని మీద జారుతుంటే థర్జా కాలి కింద మంచు పగిలి లోపలికి పోయింది. పైకి తీసేసరికి చాలా ఆలస్యమైంది. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. వాళ్ల నాన్న తెరచాప గుడ్డ తెచ్చి ముఖం మీద కప్పేశాడు. అప్పుడు నాయనమ్మ కెజయా, సేలంలో మంత్రగత్తెల్ని ఉరితీసిన రోజుల నుంచీ ఇంట్లో ఉన్న పాత షిల్లింగు తెచ్చింది. గుడ్డ లాగేసి, ఆ నాణెం పిల్ల పళ్ల మధ్య పెట్టి, రెండు చేతులతో దవడలు నొక్కింది, వెండి వంగేదాకా. తరవాత రేవు అంచుకి పోయి నీళ్లతో మాట్లాడింది.

"ఏమందీ?" అని అడిగాను.

"ఇది నీ సొమ్ము. పిల్ల బతుకు తీరాక నీకిస్తాను. అందాకా పిల్ల నాది. అదే అంది. నేను పక్కనే ఉన్నా. ఇంటికొచ్చేసరికి థర్జా లేచి కూర్చుని నీళ్లు కక్కుతోంది."

మా తీరాన ఇదో పాత ఆచారం. వంచిన నాణెం ఇంక ఖర్చుకి పనికిరాదు, అది ముడుపు. ఎవరికి మొక్కితే వాళ్లది. అందుకే మా పాత షిల్లింగుల్లో సగం వంకరే, వాటి మీద పళ్లగాట్లు కూడా ఉంటాయి. ఆ రోజు నుంచీ థర్జా ఆ నాణేన్ని దారానికి కట్టి మెళ్లో వేసుకుంది. ఉప్పునీటి మీదికి మాత్రం పోవద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుంది. అప్పిచ్చినవాడి గుమ్మం ముందు తిరక్కూడదు కదా. రేవులో పుట్టి, రేవులో పెరిగి, థర్జా ఒక్కనాడూ పడవెక్కలేదు.

"ఇప్పుడేమొచ్చింది మరి?"

"ఎబెన్ డైయర్ వచ్చాడు," అన్నాడు ఆరిన్. ఎబెన్ హెరన్ దీవిలో దీపస్తంభం కాసే మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. "పెళ్లి చేసుకుంటానంటున్నాడు. వాడు దీపం వదిలి ఇటు రాలేడు, ఇది నీళ్లు దాటి అటు పోలేదు. యాభైకి దగ్గరపడ్డాక దాని ముఖంలో మొదటిసారి వెలుగు చూశానే తల్లీ. ఆ నాణెం ఉత్త నకిలీదైతే ముడుపూ లేదు, చావూ లేదు. చలికి బిగుసుకుపోయిన పిల్ల, తరవాత తేరుకుంది, అంతే. పెర్సిస్ ఏం చెబితే అదే నమ్ముతా అంది. నీ మాట దానికి బైబిలు."

"అందుకే అబద్ధం చెప్పను," అన్నాను. తలుపు గట్టిగా వేసుకుని పోయాడు.

మర్నాడు థర్జా వచ్చింది. సన్నటి మనిషి, పెద్ద ఊలు కోటు, ఎప్పుడూ చలేస్తున్నట్టు చేతులు చంకల్లో పెట్టుకుంటుంది. ఆరిన్ వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను అతని వంక చూడలేదు.

"నీ నోట్లోంచి నకిలీ అనే మాట వింటే, నీకు ఓ పెద్ద కేకు చేసి పెడతానే," అంది థర్జా, దారం విప్పుతూ.

"కేకుకి లొంగితే ఈపాటికి ఈ తలుపులో పట్టేదాన్ని కాదు. ఇటివ్వు."

చేతిలో పడగానే నా చేయి కొంచెం జిల్లుమంది. భూతద్దం పెట్టి చూశాను. ఒక పక్క పైన్ చెట్టు, దాని చుట్టూ ముత్యాల వరస, మసాచుసెట్స్ పేరు. రెండో పక్క న్యూ ఇంగ్లండ్, 1652. ఏ ఏట కొట్టినా దాని మీద 1652 అనే ఉంటుంది, కాబట్టి ఆ అంకె ఏమీ చెప్పదు. చెట్టు కొమ్మలు చెబుతాయి. ఇవి పదునుగా, ఒక్కో ఆకూ విడిగా ఉన్నాయి. అక్షరాల మొదట్లో వెండి బయటికి సాగిన చారలున్నాయి. సుత్తి దెబ్బకి అచ్చు కింద సాగిన వెండికే అవి వస్తాయి. కరిగించి పోసిన నకిలీకి రమ్మన్నా రావు. అంచు ఎక్కడా కత్తిరించలేదు. మధ్యలో రెండు వంపులు, వాటి మీద గాట్లు. చిన్న చిన్న గాట్లు, పాలపళ్లవి.

బరువు తూద్దామని తక్కెడలో పెట్టాను. వంపు కింద ఓ నీటిచుక్క కనిపించింది. గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ చుక్క. పొయ్యి మండుతున్న గదిలో, పొడి గుడ్డతో మూడోసారి ఒత్తి ఒత్తి తుడిచాను. నేను చూస్తూ ఉండగానే వెండిలోంచి చెమటలా నీరు ఊరి, ముత్యమంత చుక్కై నిలబడింది. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

తలెత్తి థర్జాని చూశాను. ఆమె నోటి ముందు ఊపిరి పొగలా కనిపిస్తోంది. బయట వాన లేదు. అయినా ఆమె చెప్పుల చుట్టూ చెక్కనేల నల్లగా తడిసింది. నాణెం తిరిగి ఆమె చేతిలో పెట్టగానే ఆ పొగ ఆగింది.  కానీ నా పని నాణెం సంగతి చెప్పడం, నేల సంగతి కాదు అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం నేను.

"అసలుదే," అన్నాను.

థర్జా దారాన్ని వేలికి చుట్టి విప్పింది. "అంటే ఆ రోజు నేను చచ్చిపోయానన్నమాట," అంది చివరికి.

"అది నాకు తెలీదు. నాకు వెండి సంగతే తెలుసు."

"ఎంత మంచి రకం మరి?" అంది.

ఇక్కడ నా నోరు ఊరుకోలేదు. మంచి నాణెం చూస్తే నాకు ఆగదు. "అరుగుదల చాలా తక్కువ. ఇంత చక్కటి చెట్టు నేను చూడలేదు. ఈ వంపులే లేకపోతే మ్యూజియం వాళ్లు ఎగబడేవాళ్లు. ఉన్నాయి కాబట్టి గాయపడ్డ నాణెం కింద లెక్క."

థర్జా దారం కట్టుకుని, "ఎబెన్‌కి కబురు పంపుతాను, రావద్దని," అని వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆరిన్ మాత్రం నన్ను చూస్తూ, "ఈ వంపులే లేకపోతే అన్నావు కదూ," అన్నాడు. అతను ఏం ఆలోచిస్తున్నాడో నాకు తట్టలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆరిన్ మళ్లీ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. బల్ల మీద షిల్లింగు పెట్టాడు. చదునుగా ఉంది.

"ఏం చేశావు?"

"అది భోంచేసి కునుకు తీస్తుంటే దారం కోసి తెచ్చా. రెండు ఓకు చెక్కల మధ్య పెట్టి, పడవల పాకలో మరబిగింపులో కొంచెం కొంచెంగా బిగించా. వంపు పోయింది. వంపు పోతే ముడుపు విడిపోయినట్టే! ఇప్పుడిది ఉత్త డబ్బు. పైగా నీ లెక్కలో మంచి రకంలోకి పోతుంది కదా. అమ్మి దానికి పెళ్లి గౌను కొంటా."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "ఒరే మూర్ఖుడా, దీన్ని సరిచేయమని ఎవరు చెప్పారు నీకు? వంచినది వంచినట్టే ఉండాలి! మూడొందల ఏళ్ల వెండి, ఒకసారి వంగి మళ్లీ సాగితే లోపల చీలుతుంది. చూడు, ఇక్కడ!" భూతద్దం అతని కంటికి ఆనించాను. చెట్టు మొదలుకి అడ్డంగా, వెంట్రుక కన్నా సన్నగా, చీలిక.

తిడుతూనే అలవాటు కొద్దీ తక్కెడలో పెట్టాను. ఎదురుచూశాను. చుక్క రాలేదు. వేలు పెట్టి చూశాను, పొడిగా, వెచ్చగా ఉంది. వెయ్యి నాణేల్లాంటి నాణెం. 

"ఆ నీళ్లెక్కడికి పోయాయి?" అన్నాను.

"ఏ నీళ్లు?" అన్నాడు ఆరిన్. నా ముఖం చూసి, ఇంకేమీ అడక్కుండా తలుపు వైపు పరిగెత్తాడు. నేను నాణెం గుప్పిట్లో పట్టుకుని వెనకే పరిగెత్తాను.

వాళ్ల వంటింట్లో పొయ్యి మండుతోంది, మా వైపు శనివారం శనివారం వండే బీన్సు లోపల ఉడుకుతున్నాయి, బెల్లం పాకం వాసన. ఆ పొయ్యి పక్క కిటికీకి లోపలి వైపు మంచు పేరుకుని ఉంది. థర్జా కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, ముంజేతుల మీంచి, గౌను అంచుల మీంచి కారి నేలంతా పారుతున్నాయి. పెదాలు నీలం. కళ్లు ఇంటి కప్పు వైపు.

"అన్నయ్యా, పైన ఎవరో నడుస్తున్నారు," అంది. గొంతు ఆరేళ్ల పిల్లది. మాటకీ మాటకీ మధ్య నోట్లోంచి నీళ్లు వస్తున్నాయి. "మంచు మీద. నాన్న బూట్లు కనిపిస్తున్నాయి. నన్ను చూస్తున్నారు గానీ దారి దొరకట్లేదు వాళ్లకి."

ఆ ఇంటికి పై అంతస్తు లేదు. కప్పు మీద నాకూ వినిపించాయి. బరువైన బూట్లు, అటూ ఇటూ, ఆగి, మళ్లీ. వాటి కింద ఏదో సన్నగా చిట్లుతున్న చప్పుడు. 

ఆరిన్ నా గుప్పిట్లోంచి షిల్లింగు లాక్కుని ఆమె పళ్ల మధ్య పెట్టాడు. చదునైన నాణెం జారి నేల మీద నీళ్లలో పడింది. తీసి నాకిచ్చాడు. "వంచు పెర్సిస్! నీకు తెలుసుగా ఎలాగో, వంచు!"

"వంచితే రెండు ముక్కలవుతుంది. ఇంక వంగదది."

అతను నేల మీద కూలబడి, చెల్లెలి కాళ్లు పట్టుకుని, "నేనే, నేనే చేశానమ్మా," అని పసివాడిలా ఏడ్చాడు. థర్జా కప్పు నుంచి చూపు దించి నన్ను చూసింది. ఆ నీళ్లలోంచి, మెల్లగా.

"పెర్సిస్. నిజం చెప్పు. అసలుదేనా?"

ఆ క్షణం మా నాన్న మాట గుర్తు రాలేదని బొంకను. వచ్చింది. అయినా ఆమె ముఖాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. ఐసు పట్టుకున్నట్టుంది.

"నకిలీది థర్జా. నేను పొరబడ్డాను."

"నువ్వా?"

"నేనే. ఉత్త పోత నాణెం. బాస్టన్‌లో మా తాతల కాలంలో తిరనాళ్లలో వేడుకకి అమ్మేవాళ్లు. మీ నాయనమ్మని ఎవడో మోసం చేశాడు."

"మరి నేను?"

"నువ్వు కాసిని నీళ్లు మింగావు. రేవు పిల్లలు రోజూ మింగుతారు. చావూ లేదు, గీవూ లేదు. ఓ అంగడి బిళ్లకి సముద్రం మనుషుల్ని అమ్ముతుందా ఎక్కడైనా?"

కప్పు మీద బూట్లు ఆగిపోయాయి. థర్జా ముందుకి వంగి ఒక్కసారిగా కక్కింది. మంచు ముక్కలతో, నాచుతో ఉప్పునీళ్లు. ఆ తరవాత దగ్గింది, ఏడ్చింది, చలి చలి అంది. పెదాలకి రంగు వచ్చింది. కిటికీ మంచు కరిగి కారింది. ఆరిన్ ఆమెని దుప్పట్లో చుట్టి పొయ్యి దగ్గరికి జరిపాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ థర్జా తెలివైనది. సాయంత్రానికే, బీన్సు తింటూ, "మొన్న అసలుది, ఇవాళ నకిలీది. నన్ను బతికించడానికి అన్నావేమో," అంది. ఆ మాట అంటుండగానే ఆమె చొక్కా చేతుల అంచులు తడిసి బరువెక్కాయి. "బాస్టన్ సీవర్ గారు మంగళవారం నీ దగ్గరికొస్తారుగా. ఆయన కూడా చూడనీ. ఆయనా నకిలీ అంటే ఎబెన్‌ని రమ్మంటా."

సీవర్ అంటే మా వృత్తిలో నాకు సమానమైన కన్ను ఉన్న ఒకే ఒక్క మనిషి. అబద్ధాన్ని ముఖం చూసి కాదు, అంచు చూసి పట్టేస్తాడు.

ఆదివారం ఊరంతా చర్చికి పోయాక కొట్టు తెరిచి, లోపల గడియ పెట్టుకున్నాను. బల్ల మీద షిల్లింగు, సన్నటి ఆకురాయి, సూది, తోలుముక్క. దొంగలు నకిలీని అసలులా చేస్తారు. వాళ్ల పనితనం జీవితమంతా పట్టుకుంటూ వచ్చాను కాబట్టి ఏ గుర్తు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. పోత నాణేనికి అంచు చుట్టూ అతుకు గీత వస్తుంది, దాన్ని దొంగ ఆకురాయితో గీకేస్తాడు, ఆ గీకుడు గీతలే వాడిని పట్టిస్తాయి. నేను అతుకు లేని అంచుని చుట్టూ గీకాను. పోత వెండిలో గాలిబుడగల గుంటలుంటాయి, సూదిమొనతో గుంటలు పొడిచాను. అక్షరాల మొదట్లో ఆ అందమైన చారల్ని తోలుతో రుద్ది చంపేశాను. చివరికి, నేను జీవితమంతా ఎవరిని తిట్టానో వాళ్లలాగే, వంటసోడాతో నలుపంతా తోమేశాను. చేతులు ఆ పని చేస్తుంటే కళ్లు కారుతూనే ఉన్నాయి. అంత చక్కటి చెట్టు నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

ఆకురాయి తగిలినప్పుడల్లా అంచులోంచి సన్నగా నీరు ఊరింది. అప్పుడు ఆటు వేళ, నీళ్లు వెనక్కి పోయి కొట్టు కింద ఒట్టి బురదే ఉండాలి. కానీ నేల చెక్కల కింద నీళ్లు దుంగలకి కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. క్రమంగా దగ్గరికొచ్చింది. చెక్కల సందుల్లోంచి చల్లటి ఊపిరి నా చీలమండలకి తగిలింది. ఎవరో కింద నుంచి వింటున్నారు. నేను ఆకురాయి ఆపలేదు. "నకిలీది," అని పైకే అంటూ గీకాను. "ఉత్త నకిలీది. ఇందులో నీకేమీ లేదు." చర్చి గంటలు మోగేసరికి పని అయింది, కింద నీళ్ల చప్పుడు లేదు.

మంగళవారం సీవర్ వచ్చాడు. పొడుగ్గా, చలికోటు గుండీలన్నీ పెట్టుకుని. థర్జా కుర్చీలో, ఆరిన్ తలుపు దగ్గర. ఆయన షిల్లింగుని వెలుతురుకి పట్టి చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఏమిటిది! ఈ కొమ్మలు... ఈ చెట్టు చెక్కిన చెయ్యి నాకు తెలుసు. మిస్ వాడ్లీ, ఇది..."

థర్జా దగ్గింది. ఆమె ఒళ్లో ఉన్న చేతిరుమాలు నల్లగా తడవడం చూశాను.  నోరెత్తితే ఆయనకి అనుమానం, ఎత్తకపోతే ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేస్తుంది. సీవర్ బొటనవేలు అలవాటుగా నాణెం అంచు చుట్టూ తిరిగింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఓహో," అన్నాడు. భూతద్దం అంచుకి పెట్టాడు. తూచాడు. నవ్వడం మొదలుపెట్టాడు. "గీకుడు గీతలు. గుంటలు. బరువు కూడా తక్కువ. పోత బిళ్ల! అదీ నాసిరకం. దీన్ని అసలుదన్నది మీరేనటగా?"

"నేనే," అన్నాను.

"కళ్లజోడు మార్చండమ్మా," అన్నాడు. ఆ కథ బాస్టన్‌లో ప్రతి విందులోనూ చెప్పాడని తరవాత తెలిసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఏడాది తిరిగేలోపు రైలెక్కి నా కొట్టుకి వచ్చేవాళ్లు లేరు. పిల్లల పాకెట్ డబ్బు నాణేలు, తాతల యుద్ధ పతకాలు చూసుకుంటూ గడిపాను. బాధ లేదంటే అబద్ధం, చాలా బాధపడ్డాను. మా నాన్న ఉంటే నా ముఖం చూసేవాడు కాదు.

కానీ ఆ మంగళవారం, సీవర్ ఆ మాట అన్న మరుక్షణం థర్జా చేతిరుమాలు పొడిగా ఉంది. ఆమె ఆ రుమాలు గాల్లో ఊపుతూ సీవర్‌ని ముద్దు పెట్టుకున్నంత పని చేసింది. "నేను చావలేదు! అన్నయ్యా, విన్నావా, నేనసలు చావనేలేదు!" నాణేన్ని మళ్లీ మెళ్లో కట్టుకుంది. నాయనమ్మ జ్ఞాపకం, పాపం మోసపోయిన ముసలిది, అంది.

నవంబరులో ఎబెన్ పడవ తెచ్చాడు. రేవు చివర నిలబడి చూశాను. థర్జా ఒక కాలు పడవలో పెట్టి, రెండోది గట్టు మీదే ఉంచి, కిందికి నీళ్లలోకి చూసింది. నీళ్లు కదలకుండా నల్లగా ఉన్నాయి. ఆమె రెండో కాలు కూడా తీసి పెట్టింది. పడవ చుక్కంత అయ్యేదాకా నేను సరిగ్గా ఊపిరి తీసుకోలేదు. ఆరిన్ నా పక్కనే టోపీ నలుపుతూ, "పెర్సిస్, మన ఇద్దరికే తెలుసు," అన్నాడు. "నాకేమీ తెలీదు. అది నకిలీది," అన్నాను. అతను అర్థం చేసుకుని తల ఊపాడు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. చివరికి అతను పోయాక, ఆ నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

అది మోయడం తేలిక కాదు. కొన్ని రోజులు పొద్దున్న లేచేసరికి నా చొక్కా చేతుల అంచులు తడిగా ఉండేవి. తలగడ ఉప్పగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. థర్జా ఏటా వసంతంలో పడవలో వచ్చేది, ఎండకి కమిలిన ముఖంతో, ఊలు చేతితొడుగులు పట్టుకుని. నా గుమ్మంలో నిలబడి, "నీ నకిలీ పిల్ల వచ్చిందే, కళ్లజోడు మార్చావా?" అని వేళాకోళం చేసేది. నేను తిట్టేదాన్ని. ఆ తిట్టడంలో ఎంత సంతోషముందో ఆమెకి తెలీదు.

నిరుడు మార్చిలో థర్జా పోయింది. ముసలితనంతో, పొయ్యి పక్కన, పొడిగా వెచ్చగా ఉన్న పక్క మీద, ఎబెన్ చెయ్యి పట్టుకుని. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఇంక ఈ నిజం ఎవరినీ ముంచదు. ఎబెన్ పడవ నడిపే కుర్రాడితో ఒక చిన్న పొట్లం పంపాడు. విలువేమీ లేకపోయినా ఆమె మెళ్లోంచి తీసేది కాదు, మీరుంచుకోండి, అన్నాడట.

పొట్లం విప్పేసరికి కాగితం తడిసిపోయి ఉంది. నాణెం అరచేతిలో పెట్టుకుని రేవు చివరికి నడిచాను. మిట్టమధ్యాహ్నం, ఎండ, గాలి లేదు. మనుషులు చూస్తున్నారు గానీ నాకు సిగ్గనిపించలేదు. పాత రోజుల్లో బాస్టన్ పెద్దమనుషులకి చెప్పిన గొంతుతోనే నీళ్లకి చెప్పాను.

"పైన్ చెట్టు షిల్లింగు, 1652. అసలుదే. అరుగుదల చాలా తక్కువ, చెట్టు ఎంతో చక్కగా ఉండేది. వంపు తీసిన చోట చీలిక ఉంది, అది ఆరిన్ తెలియక చేసింది. అంచు గీకుడు, గుంటలు, తోముడు, అవి నేను తెలిసి చేసినవి. నాణేనికి ఇంకే లోపమూ లేదు. పిల్ల బతుకు తీరింది. తీసుకో."

చెయ్యి చాపి వదిలేశాను. చాలాసేపు చెవులు రిక్కించి నిలబడ్డాను. నీళ్లలో పడిన చప్పుడు రాలేదు.